ఆముదం పాలియురేథేన్, పీఎంఎంఏ ఐపీఎన్ షీటు ఒకసారి అద్దంలా, ఒకసారి పాలలా ఎందుకు వస్తోంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఆముదం, టీడీఐ (టోలుయిన్ డైఐసోసయనేట్) కలిపి చేసే పాలియురేథేన్ సగం, మిథైల్ మెథాక్రిలేట్ (దాని పాలిమరే పీఎంఎంఏ) సగం తీసుకుని ఒకదానిలో ఒకటి అల్లుకునే రెండు వలలు, అంటే ఐపీఎన్, తయారు చేస్తున్నారు. తూకాలు అవే, రసాయనాల సీసాలు అవే. మొదటి షీటు అద్దంలా వచ్చింది. రెండోది పాలలా తెల్లబడింది. పదార్థం ఏ ఉష్ణోగ్రత దగ్గర మెత్తబడుతూ కంపనాన్ని ఎక్కువగా మింగుతుందో శిఖరంగా చూపే డీఎంఏ పరీక్షలో మొదటిదానికి 15 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ దాకా పరచుకున్న ఒకే వెడల్పాటి శిఖరం కనిపించింది. రెండోదానికి మైనస్ 5 దగ్గర ఒకటి, 108 దగ్గర ఒకటి వచ్చాయి. విడి పాలియురేథేన్ శిఖరం మైనస్ 10, విడి పీఎంఎంఏ శిఖరం 115 అని కూడా రాశారు. "నా ఐపీఎన్ విఫలమైనట్టేనా? ప్రావస్థలు విడిపోకుండా ఆపడం ఎలా?" అన్నది మీ ప్రశ్న. ప్రావస్థలంటే ఇక్కడ రెండు పాలిమర్లూ దేనికది విడిగా గుమిగూడిన భాగాలు.

విఫలం కాలేదు. ఐపీఎన్ అనే పేరు చూసి రెండు వలలు అణువు అణువునా కలిసిపోతాయని అందరం మొదట్లో అనుకుంటాం. నిజానికి రెండు వేర్వేరు పాలిమర్లతో చేసిన ఐపీఎన్‌లలో దాదాపు అన్నీ ఎంతో కొంత విడిపోతాయి. విడిపోవడాన్ని పూర్తిగా ఆపలేరు. అది ఏ దశలో, ఎంత పరిమాణం దగ్గర ఆగిపోవాలో నిర్ణయించడం మాత్రం మీ చేతిలో ఉంది. మొదటి షీటును రాత్రంతా గదిలో ఉంచి పొద్దున 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టామని, రెండోదాన్ని పోసిన గంటకే ఓవెన్‌లో పెట్టామని చివర్లో ఒక్క వాక్యం రాశారు. మీరు దాన్ని పట్టించుకోలేదు గాని, మీ ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉంది. మొదటి షీటులో మిథైల్ మెథాక్రిలేట్ గొలుసులు పుట్టే సమయానికి పాలియురేథేన్ అప్పటికే జెల్ అయిపోయింది, అంటే వలగా అల్లుకుని పారడం మానేసింది. రెండోదానిలో ఇంకా ద్రవంగానే ఉంది.

కారణం చెప్పడానికి ఒక బుట్టెడు పూలు చాలు. బుట్టలో విడి మల్లెలు, విడి కనకాంబరాలు పోసి రెండుసార్లు కుదిపితే చక్కగా కలిసిపోతాయి. అవే పూలను మూరల కొద్దీ దండలు కట్టి అదే బుట్టలో వేయండి. ఎంత కుదిపినా మల్లెల పక్కన మల్లెలే ఉంటాయి. పూలు మారలేదు, వాటికి కలవడానికి ఉన్న స్వేచ్ఛ మాత్రం పోయింది. మీ బీకరులోని ఆముదం, టీడీఐ, మిథైల్ మెథాక్రిలేట్ విడి పూలు. అందుకే పోసినప్పుడు ద్రవం తేటగా ఉంది. చర్య సాగేకొద్దీ అవి దండలవుతాయి. కలిసి ఉండడం వల్ల వచ్చే ఎంట్రోపీ లాభం తరిగిపోతుంది. ఒకదానితో ఒకటి పొసగని స్వభావం మాత్రం తరగదు.

ఫ్లోరీ, హగ్గిన్స్ సిద్ధాంతం దీన్ని లెక్కగా చూపిస్తుంది. రెండు పాలిమర్ల మధ్య పొసగనితనాన్ని కై అనే సంఖ్యతో కొలుస్తారు. రెండు గొలుసులూ ఒక్కొక్కటి ఎన్ యూనిట్ల పొడవు ఉంటే, కై విలువ 2/ఎన్ దాటాక మిశ్రమం విడిపోవడానికి సిద్ధమవుతుంది. విడి అణువులకు ఆ హద్దు 2. వంద యూనిట్ల గొలుసులకు 0.02, వెయ్యి యూనిట్లకు 0.002. పాలీస్టైరీన్, పీఎంఎంఏ జంటకు కై సుమారు 0.04. అంటే చెరో యాభై యూనిట్ల పొడవు వచ్చేసరికే ఆ రెండూ ఒకచోట ఉండలేవు. పరిశ్రమలో వాడే గొలుసులు దానికి ఎన్నో రెట్ల పొడవు. ఇక గొలుసులు క్రాస్‌లింకులతో, అంటే వాటి మధ్య పడే ముడులతో, వలగా మారితే, రెండో పదార్థంతో ఉబ్బిన వలకు తిరిగి ముడుచుకోవాలన్న సాగుడు శక్తి కూడా తోడవుతుంది. క్రాస్‌లింకులు వలలను కలిపి ఉంచుతాయని అనుకుంటాం గాని, సమతాస్థితి లెక్కలో అవి కలవడానికి అనుకూలం కావు. వాటి మేలు వేరేచోట ఉంది. విడిపోవడం మొదలయ్యాక గొలుసులు దూరం వెళ్లకుండా పట్టి ఉంచేది అవే.

మీ జంటలో ఇంకో మెలిక ఉంది. పాలియురేథేన్ గొలుసు మెట్టు మెట్టుగా పెరుగుతుంది. సగం చర్య అయ్యాక కూడా అందులో ఉండేవి చిన్న చిన్న ముక్కలే. మిథైల్ మెథాక్రిలేట్ అలా కాదు. ఒక రాడికల్, అంటే గొలుసును మొదలుపెట్టే చురుకైన అణు ముక్క, పుడితే కొద్ది సెకన్లలో వేల యూనిట్ల గొలుసు తయారై ఆగిపోతుంది. మోనోమర్ నూటికి తొంభై వంతులు మిగిలే ఉన్నా, పుట్టిన ప్రతి గొలుసూ పూర్తి పొడవుదే. అందుకే రాడికల్ పాలిమరీకరణం ఉన్న ఐపీఎన్‌లలో మసక కమ్మడం మనం ఊహించే దానికంటే చాలా ముందే మొదలవుతుంది. రెండో షీటును పక్కనే కూర్చుని చూసి ఉంటే, ఇంకా చాలా భాగం ద్రవంగా ఉండగానే తెల్లబడడం కనిపించేది.

ఇది మూడు సంఘటనల మధ్య పందెం. ప్రావస్థలు విడిపోవడం, జెల్ కావడం, గాజు స్థితికి చేరడం. మొదటిది పదార్థాన్ని విడదీస్తుంది. మిగతా రెండూ దాన్ని ఉన్నచోట నిలబెడతాయి. షీటు ఎలా వస్తుందన్నది ఏది ముందు వచ్చింది, ఎంత తేడాతో వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

జెల్ ముందు వచ్చిన మొదటి షీటును తీసుకుందాం. పాలియురేథేన్ వల అప్పటికే షీటంతా అల్లుకుని ఉంది. దాని కళ్లలో మోనోమర్ ఉంది. తర్వాత పుట్టిన పీఎంఎంఏ గొలుసులు ఒకచోట చేరాలంటే ఆ వలను పక్కకు నెట్టాలి. వల సాగినంత మేరే అవి చేరగలవు. అందువల్ల మడుగులు, అంటే ఒకే పాలిమర్ ఎక్కువగా చేరిన చోట్లు, సాధారణంగా పదుల నానోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. కాసేపటికి పీఎంఎంఏ ఎక్కువగా ఉన్న భాగం గాజు ఉష్ణోగ్రత, అంటే దానికి దిగువన పాలిమర్ గాజులా గట్టిపడే ఉష్ణోగ్రత, 60 డిగ్రీలు దాటుతుంది. అదే 60 డిగ్రీల ఓవెన్‌లో ఆ భాగం గట్టి గాజు అయిపోతుంది. అక్కడితో గొలుసుల కదలిక దాదాపు ఆగిపోతుంది. మీ అద్దంలాంటి షీటు సమతాస్థితికి చేరిన పదార్థం కాదు. విడిపోయే దారిలో మధ్యలో పట్టుబడిన పదార్థం.

రెండో షీటులో పట్టి ఉంచే వల లేదు. పీఎంఎంఏ గొలుసులు పుట్టగానే ద్రవంలో స్వేచ్ఛగా తిరిగి, కలిసి, పెద్దవయ్యాయి. ఆ మడుగులు మైక్రాన్ల పరిమాణానికి చేరాక గాని పాలియురేథేన్ జెల్ కాలేదు.

ఇక్కడ రెండు రకాల విడిపోవడాల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మీ మైక్రోస్కోపు చిత్రాలను చదవడానికి ఇది పనికొస్తుంది. మిశ్రమం కాస్త అస్థిరమైతే అక్కడక్కడ కేంద్రకాలు పుట్టి గుండ్రటి బిందువులుగా పెరుగుతాయి. బాగా అస్థిరమైతే స్పైనోడల్ పద్ధతిలో అంతటా ఒకేసారి అలలుగా విడిపోతుంది. అప్పుడు రెండు ప్రావస్థలూ తీగల్లా అల్లుకుని దేనికది షీటంతా కొనసాగుతుంది. ఆ దశలోనే జెల్ పట్టేస్తే రెండు వైపులా అఖండంగా ఉండే అల్లిక దొరుకుతుంది. జెల్ ఆలస్యమైతే ఆ తీగలు తలతన్యత వల్ల తెగి బిందువులైపోతాయి. కాబట్టి చివరి చిత్రంలో బిందువులు కనిపించినంత మాత్రాన కేంద్రకాలతోనే మొదలైందని రాయకండి. కాంతి పరిక్షేపణ ప్రయోగాల్లో స్పైనోడల్ విభజన చాలా ఐపీఎన్‌లలో కనిపించింది. నా అనుభవం కూడా అదే. ఒక మామూలు ఎర్ర లేజర్ పాయింటర్‌ను క్యూర్ అవుతున్న గాజు సీసాలోంచి తెల్ల కాగితం మీదికి వేయండి. మొదట పదునైన చుక్క ఉంటుంది. విడిపోవడం మొదలైనప్పుడు చుక్క చుట్టూ మసక వెలుగు వస్తుంది. కొన్ని మిశ్రమాలలో అది స్పష్టమైన వలయంగా కనిపించి, నిమిషాలు గడిచేకొద్దీ లోపలికి కుంచించుకుపోతుంది. వలయం కుంచించుకోవడమంటే మడుగుల మధ్య దూరం పెరుగుతోందని అర్థం. అది ఒకచోట ఆగిపోయిందంటే జెల్ పట్టేసిందన్నమాట. చవకైన పాయింటర్‌తో ఈ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు నేను ఆ పూట భోజనానికి కూడా లేవలేదు.

కంటితో చేసే ఇంకో పరీక్ష చెబుతాను. షీటును నల్లగుడ్డ మీద పెట్టి పక్కనుంచి వెలుగు వేయండి. పాలలాగా తెల్లగా ఉంటే మడుగులు వెలుగు తరంగదైర్ఘ్యం అంతో, అంతకంటే పెద్దవో. నల్లగుడ్డ మీద నీలి ఛాయ, బల్బుకు ఎదురుగా పట్టుకుంటే కాస్త పసుపు నారింజ ఛాయ కనిపిస్తే మడుగులు అంతకంటే చాలా చిన్నవి. ఏ ఛాయా లేకపోతే ఇంకా చిన్నవి కావచ్చు. లేదా రెండు ప్రావస్థల వక్రీభవన గుణకాలు దగ్గరగా ఉండవచ్చు. తేటగా ఉన్నంత మాత్రాన ఒకే ప్రావస్థ అని రాయకండి. పీఎంఎంఏ గుణకం 1.49, ఆముదం పాలియురేథేన్‌ది 1.5 దరిదాపుల్లో ఉంటుంది. తేడా తక్కువ కాబట్టి ఓ మోస్తరు మడుగులు ఉన్నా మీ షీటు తేటగా కనిపించగలదు. పీఎంఎంఏ స్థానంలో పాలీస్టైరీన్, అంటే 1.59, వాడి ఉంటే అంతే పరిమాణపు మడుగులకు షీటు బాగా మసకబారేది. ఈ కారణంగానే ఒకప్పుడు మేము స్టైరీన్‌తో చేసిన షీట్లు పాడయ్యాయని పారేసి, తర్వాత డీఎంఏ చేయించుకుని చూస్తే అవి మెథాక్రిలేట్ షీట్లకంటే అంత ఎక్కువగా ఏమీ విడిపోలేదని తేలింది.

మీ డీఎంఏ అంకెలు బాగా ఉపయోగపడతాయి. మిశ్రమం గాజు ఉష్ణోగ్రతను విడి పాలిమర్ల విలువల నుంచి అంచనా వేసే ఫాక్స్ సమీకరణంలో కెల్విన్లలో వేసి చూడండి. రెండూ సగం సగంగా పూర్తిగా కలిసి ఉంటే శిఖరం 40 డిగ్రీల దగ్గర రావాలి. మీ మొదటి షీటు శిఖరం 15 నుంచి 85 దాకా పరచుకుంది. అంటే అందులో పాలియురేథేన్ ఎక్కువగా ఉన్న చోటు నుంచి పీఎంఎంఏ ఎక్కువగా ఉన్న చోటు దాకా రకరకాల కూర్పులు నానోమీటర్ల దూరాల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఒకే శిఖరం వచ్చింది కాబట్టి పూర్తిగా కలిసిందని థీసిస్‌లో రాస్తే పరీక్షకులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. రెండో షీటుకు అదే లెక్క వేస్తే 108 దగ్గరి ప్రావస్థలో పాలియురేథేన్ సుమారు 4 శాతం, మైనస్ 5 దగ్గరి ప్రావస్థలో పీఎంఎంఏ సుమారు 6 శాతం ఉన్నట్టు వస్తుంది. దాదాపు పూర్తిగా విడిపోయింది. వల అడ్డులేకుండా ఎంత దూరం వెళ్లగలవో అంత దూరం వెళ్లాయి. ఈ లెక్క ఉజ్జాయింపే, క్రాస్‌లింకుల ప్రభావాన్ని అది పట్టించుకోదు. అయినా రెండు షీట్లను పోల్చడానికి సరిపోతుంది.

ఇక నా అనుభవం. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న యూనిట్‌కు, యంత్రాల కంపనాన్ని మింగే షీట్లు చేయించేవాడిని. ఆముదం పాలియురేథేన్, మెథాక్రిలేట్ కలిపిన సరుకే. మే నెలలో మొదలుపెట్టాం. సాయంత్రం పోసి, రాత్రి షెడ్డులో ఉంచి, పొద్దున ఓవెన్‌లో పెట్టేవాళ్లం. ఏ లోపమూ లేదు. డిసెంబరు వచ్చేసరికి షీట్లు అంచుల నుంచి తెల్లబడడం మొదలైంది. ఆముదం కల్తీ అయిందని సరఫరాదారుతో గొడవ జరిగింది. మోనోమర్ డ్రమ్ము మార్చారు. ఉత్ప్రేరకం కొత్తది తెప్పించారు. మూడు వారాలు పోయాయి. చివరికి ఒక తెల్లవారుజామున నేను షెడ్డులోకి వెళ్లి అచ్చును వంచి చూశాను. గాజు పలకల మధ్య ద్రవంలో ఒక గాలి బుడగ మెల్లగా పైకి కదిలింది. ఆ బుడగ కదలకూడదు. మేలో రాత్రంతా 30 దాటి ఉండే షెడ్డు, డిసెంబరులో 15 దాకా పడిపోయింది. టీడీఐలోని ఐసోసయనేట్‌తో చర్య జరిపే ఆముదంలోని హైడ్రాక్సిల్ సమూహాలు ద్వితీయమైనవి, అసలే మందకొడివి. ఆ చలికి పాలియురేథేన్ జెల్ కాలేదు. జెల్ కాని ద్రవాన్ని మేం ఓవెన్‌లో పెడుతున్నాం. అంచులు ముందుగా వేడెక్కుతాయి కాబట్టి తెల్లబడడం అక్కడే మొదలవుతోంది. షెడ్డులో హీటరు పెట్టి, అచ్చు వంచితే బుడగ కదలనప్పుడే ఓవెన్ తలుపు తీయాలని నియమం పెట్టాం. ఆ తర్వాత తెల్ల షీటు రాలేదు. అప్పటి నుంచి ఫార్ములా కాగితం మీద గంటలు రాయడం మానేసి, జెల్ అయ్యాక అని రాస్తున్నాను.

జెల్ ఎప్పుడవుతుందో లెక్క కూడా వేసుకోవచ్చు. ఆముదం హైడ్రాక్సిల్ విలువ సుమారు 160 అనుకుంటే ఒక హైడ్రాక్సిల్‌కు బరువు 350 వస్తుంది. అణువుకు సగటున 2.7 హైడ్రాక్సిళ్లు. టీడీఐకి రెండు ఐసోసయనేట్లు. రెండూ సమానంగా తీసుకుంటే ఫ్లోరీ, స్టాక్‌మేయర్ లెక్క ప్రకారం 77 శాతం చర్య దగ్గర జెల్ రావాలి. మీ మిశ్రమంలో సగం మోనోమరే పలుచన చేస్తోంది కాబట్టి గొలుసులు తమలో తాము ఉచ్చులు వేసుకుని, జెల్ ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే పాలియురేథేన్ వాటాను 15, 20 శాతానికి తగ్గించి, ముందు జెల్ అయింది కదా అని ధైర్యంగా ఉండకండి. అంత పలుచని వల పుట్టినా పీఎంఎంఏను పట్టి ఉంచే బలం దానికి ఉండదు. ఆ వాటాలో నేను చేసిన షీట్లు ఎంత ఆగినా మసకగానే వచ్చాయి.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెబుతాను.

ముందు పాలియురేథేన్, తర్వాత మెథాక్రిలేట్. డైబ్యూటైల్ టిన్ డైలారేట్ అనే టిన్ ఉత్ప్రేరకం వేసి గది ఉష్ణోగ్రతలో వదిలేయండి. జెల్ అయ్యాక కూడా తొందరపడకండి. ఇన్‌ఫ్రారెడ్‌లో ఐసోసయనేట్ 2270 సెం.మీ.⁻¹ దగ్గర కనిపిస్తుంది. ఆ శిఖరం దాదాపు పోయేదాకా ఆగండి. నేను ఒక రోజంతా ఇస్తాను. తర్వాత 60 డిగ్రీలకు వెళ్లండి. రాడికళ్లను పుట్టించడానికి మీరు వాడే ప్రేరకం ఏఐబీఎన్ అర్ధాయువు 60 డిగ్రీల దగ్గర సుమారు 20 గంటలు, 70 దగ్గర సుమారు 5 గంటలు. పది డిగ్రీలు పెంచితే రాడికళ్లు నాలుగు రెట్ల వేగంతో పుడతాయి. పైగా మిశ్రమం చిక్కబడ్డాక మెథాక్రిలేట్ తనంతట తాను వేగం పుంజుకుంటుంది, ఆ వేడి లోపలే ఉండిపోతుంది. మోనోమర్ 100 డిగ్రీలకు కాస్త పైన మరుగుతుంది. మందపాటి షీటును 70 దగ్గర పెట్టి బుడగలు తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. రాత్రంతా 60, తర్వాత 80, చివరగా ఒకటి రెండు గంటలు 115 నుంచి 120. ఆ చివరి వేడి తప్పనిసరి. 60 దగ్గరే ఆపేస్తే పీఎంఎంఏ భాగం గాజై, మిగిలిన మోనోమర్ అందులోనే చిక్కుకుంటుంది. అది ప్లాస్టిసైజరులా పనిచేసి మీ శిఖరాలన్నీ కిందికి జరుపుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో 1640 దగ్గరి ద్విబంధం చూసుకోండి.

రెండింటినీ కలిపి ఒకేసారి ఓవెన్‌లో పెట్టాల్సిన అవసరం ఉంటే టిన్ ఉత్ప్రేరకం పెంచండి. మీరు వేసింది చాలా తక్కువ. పాలియురేథేన్ జెల్, మోనోమర్‌లోని నిరోధకం ఖర్చయ్యే లోపలే వచ్చేస్తే, ఒకేసారి పెట్టినా షీటు తేటగా రావచ్చు. వేగాల నిష్పత్తి ముఖ్యం, వరుస దానికి ఒక మార్గం. మీ ల్యాబులో అతినీలలోహిత దీపం ఉంటే ఇంకా సులువు. ఏఐబీఎన్ బదులు కాంతికి స్పందించే ప్రేరకం వేసి, జెల్ పూర్తయ్యాక గది ఉష్ణోగ్రతలోనే దీపం వేయండి. మందం రెండు మిల్లీమీటర్లు దాటకపోతే బాగా పనిచేస్తుంది.

మొదటి వల క్రాస్‌లింకుల సాంద్రత పెంచితే మడుగులు చిన్నవవుతాయి. ఐపీఎన్‌లలో ఎన్నోసార్లు నిలిచిన నియమం ఇది. ఆముదానికి కొద్దిగా గ్లిసరాల్ లేదా ట్రైమిథైలాల్ ప్రొపేన్ కలిపితే సరి. రెండో వలలో ముడులు వేసే ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్‌ను మాత్రం మానకండి. దాన్ని మానేస్తే మీది సెమీ ఐపీఎన్, అంటే ఒక వలలో విడి గొలుసులున్న పదార్థం, అవుతుంది. ఒకసారి అలాంటి తేట షీటును 130 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచాను. బయటకు తీసేసరికి మబ్బు పట్టింది. గాజు కరిగాక ఏ ముడీ లేని పీఎంఎంఏ గొలుసులు ఆగిపోయిన ప్రయాణాన్ని మళ్లీ మొదలుపెట్టాయి. ఇంకో దారి హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ కొద్ది శాతం కలపడం. దాని ఒక చివర ఐసోసయనేట్‌తో, మరో చివర మెథాక్రిలేట్‌తో చేరి రెండు వలలనూ కుట్టేస్తుంది. షీటు తేటగా వస్తుంది. కాని అప్పుడది రసాయన బంధాలు లేని రెండు వలల అల్లిక కాదు. థీసిస్‌లో ఆ మాట స్పష్టంగా రాయాలి.

తెల్లదనం అంతా ప్రావస్థల పనే అనుకోవద్దు. తడి ఉన్న ఆముదం ఐసోసయనేట్‌తో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ సన్నని బుడగలుగా వస్తుంది. దూరం నుంచి అదీ తెల్లగానే కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తే తేలిపోతుంది. ఆముదాన్ని వాక్యూమ్ కింద 80, 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాకే వాడండి. మెథాక్రిలేట్ పాలిమర్ కావడంలో పరిమాణం సుమారు 21 శాతం తగ్గుతుంది. ఆ ముడుచుకోవడంతో షీటు గాజును వదిలి లోపల సూక్ష్మ ఖాళీలు ఏర్పడినా తెలుపు వస్తుంది. అచ్చు అంచున గట్టి బిరడా బదులు మెత్తటి రబ్బరు గొట్టం వాడితే, గాజు పలకలు షీటుతోపాటు దగ్గరవుతాయి. టీడీఐ ఆవిరి శ్వాసకు ప్రమాదకరం. ఒకసారి శరీరం దానికి సెన్సిటైజ్ అయితే జీవితాంతం ఉబ్బసంలా వేధించవచ్చు. ఫ్యూమ్ హుడ్ బయట దాని సీసా మూత తీయకండి. నాతో పనిచేసిన ఒకరు ఈ కారణంగా ఈ పనికే దూరమయ్యారు.

ఇంత చెప్పాక ఒక మాట అడగాలి. మీకు కావలసింది నిజంగా తేట షీటేనా? ఉపయోగం కంపనాన్ని తగ్గించడమే అయితే, పూర్తిగా కలిసిన పదార్థం మీకు పనికిరాదు. అది ఒక్క గాజు ఉష్ణోగ్రత చుట్టూ ఇరుకైన శిఖరం ఇస్తుంది. పూర్తిగా విడిపోయింది రెండు చివర్ల రెండు శిఖరాలిచ్చి మధ్యలో పడిపోతుంది. కంపనాన్ని మింగే గుణానికి కొలత అయిన టాన్ డెల్టా 0.3 కంటే పైన, 60 నుంచి 80 డిగ్రీల వెడల్పున నిలవాలంటే రకరకాల కూర్పుల మడుగులు పక్కపక్కనే ఉండాలి. మా షీట్లలో అన్నిటికంటే బాగా పనిచేసినవి నల్లగుడ్డ మీద లేత నీలి ఛాయ చూపినవే. దెబ్బకు తట్టుకునే గట్టి పదార్థం కావాలన్నా, పీఎంఎంఏలో రబ్బరు మడుగులు విడిగా ఉండాల్సిందే.

ఈ రంగం కూడా విడిపోవడాన్ని అర్థం చేసుకుంటూనే పెరిగింది. 1914లో ఎయిల్స్‌వర్త్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్‌లో రబ్బరు, గంధకం కలిపి చేసినప్పుడు ఆ పదార్థానికి ఈ పేరు లేదు. 1960లో మిల్లర్ ఈ పేరు పెట్టాడు. అతను చేసింది పాలీస్టైరీన్‌లో పాలీస్టైరీన్, అంటే రెండు వలలూ ఒకటే కాబట్టి పొసగనితనం గొడవే లేదు. వేర్వేరు పాలిమర్లతో పని మొదలయ్యాకే, 1960ల చివరి నుంచి, స్పెర్లింగ్, ఫ్రిష్, క్లెంప్నర్, కీవ్‌లో లిపటోవ్ వంటివారు ఈ చిక్కుముడి విప్పడం మొదలుపెట్టారు. మీరు చేతిలోకి తీసుకున్న ఆముదం పాలియురేథేన్ ఐపీఎన్‌లను కూడా స్పెర్లింగ్ బృందం 1970లలోనే కొలంబియా దేశపు పరిశోధకులతో కలిసి చేసింది. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది మన దేశంలో. అందులో గుజరాత్‌దే మొదటి స్థానం గాని, మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టభూముల్లోనూ ఆ పంట ఉంది. ఈ పదార్థం మీద మన ల్యాబుల్లో ఇంకా చాలా పని జరగాలని నాకు గట్టి కోరిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వచ్చే వారం ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇవే తూకాలతో ఐదు గాజు సీసాలు తీసుకుని, టిన్ ఉత్ప్రేరకాన్ని ఒక్కొక్కదానిలో రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. అన్నిటినీ 60 డిగ్రీల నీటి తొట్టిలో ఒకేసారి ఉంచండి. ప్రతి ఐదు నిమిషాలకు సీసాను వంచి బుడగ కదులుతోందా అని, లేజర్ వేసి చుక్క పదునుగా ఉందా అని చూడండి. బుడగ ఆగిన సమయం ఒక గడిలో, చుక్క మసకబారిన సమయం ఇంకో గడిలో రాయండి. మొదటిది రెండోదానికంటే ముందు వచ్చిన సీసా దగ్గర మీ ఫార్ములా దొరుకుతుంది. ఆ పది అంకెలూ ఇక్కడ పెడితే, వలయం కనిపించిందా లేదా అన్నది కూడా చెబితే, మీ షీటు మందానికి ఎంత ఉత్ప్రేరకం సరిపోతుందో చూసి చెబుతాను.